కాదనైనా రాసివ్వండి

2025 అక్టోబరు మొదట్లో ఒక రాత్రి మా మేనకోడలు మాంచెస్టర్ నుంచి ఫోన్ చేసింది. "మామయ్యా, నువ్వు ఎప్పుడూ మెచ్చుకుంటుంటావే ఆ వాతావరణ చట్టం, దాన్ని తీసేస్తామంటున్నారు ఇక్కడ" అంది. బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ నాయకురాలు కెమీ బాడెనాక్, తాము గెలిస్తే 2008 నాటి క్లైమేట్ చేంజ్ చట్టాన్ని రద్దు చేస్తామని అప్పుడే ప్రకటించారు. అదే పార్టీ నుంచి ప్రధానిగా చేసిన థెరిసా మే దాన్ని తప్పుపట్టారు. నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు నేనే ఫోన్ చేసి మళ్ళీ ఆ సంగతే ఎత్తితే, "నీ దేశం కాదు, నీ చట్టం కాదు, నీకెందుకు మామయ్యా అంత టెన్షన్?" అని అడిగింది.

ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ చట్టంలో నన్ను కట్టిపడేసింది కర్బన లెక్కలు కాదు. అవీ ముఖ్యమే, వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పట్టుకున్నది ఒక చిన్న ఏర్పాటు. ప్రభుత్వం కింద ఉద్యోగులుగా లేని నిపుణుల సంఘం ఒకటి ఏటా ప్రభుత్వం చేసిన పనిని తూచి నివేదిక పెడుతుంది. దానికి ప్రభుత్వం ఫలానా తారీఖులోగా జవాబు చెప్పి తీరాలి. నా ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఎదురుచూసినా దొరకనిది అదే.

మార్జిన్లో రెండు మాటలు

చెరువులు, కాలవల పనిచూసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. 1990ల చివర్లో మా జిల్లాలో ఒక గొలుసుకట్టు చెరువుల మీద నివేదిక ఇమ్మని ముగ్గురితో కమిటీ వేశారు. నేను అందరికంటే చిన్నవాణ్ణి. ఏడు చెరువులు, తొమ్మిది రోజులు కట్టల మీద నడిచాం. చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే అలుగులు పూడిపోయి ఉన్నాయి. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నీళ్ళు పోయే వాగు మీద ఇళ్ళు లేచాయి. శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్ళు నిలిచే నేలలో, హద్దురాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. అంతకు ముందు పదేళ్ళ వర్షపాతం లెక్కలు తీస్తే, మొత్తం వాన పెద్దగా మారలేదు గానీ పడే రోజులు తగ్గాయి. నెల వాన రెండు మూడు రోజుల్లో పడుతోంది. క్లైమేట్ చేంజ్ అనే మాట అప్పట్లో మా ఆఫీసుల్లో ఎవరూ అనేవారు కాదు. మేము "వానల తీరు మారింది" అని రాశాం.

ముప్ఫై రెండు పేజీల నివేదికలో ఆరు సిఫార్సులు చేశాం. అది పైకి వెళ్ళి నాలుగు నెలలకు తిరిగొచ్చింది. మొదటి పేజీ మార్జిన్లో పెన్సిలుతో రెండు మాటలు: "ప్లీజ్ డిస్కస్". చర్చించడానికి రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి అది రాసిన అధికారి మీటింగులో ఉన్నారు. రెండోసారికి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన "పాత ఫైలు కదా, చూద్దాం" అన్నారు. నాలుగేళ్ళకు పెద్ద వాన వచ్చి మూడో చెరువు కట్టకు గండి పడింది. ప్రాణాలు పోలేదు గానీ, నూట యాభై ఎకరాల వరిలో ఇసుక మేటలు వేసింది. ఆ చెరువు అలుగు గురించి రాసింది మా రెండో సిఫార్సు. విలేకరులు అడిగితే, కమిటీ నివేదిక పరిశీలనలో ఉందని ఆఫీసు చెప్పింది.

మా మాట వినలేదని నేను బాధపడలేదు. డబ్బు లేకపోయి ఉండొచ్చు, మేము చెప్పినదానికంటే ముఖ్యమైన పని వాళ్ళకు ఉండి ఉండొచ్చు. నన్ను తినేసింది వేరే. కుదరదని ఎవరూ అనలేదు. ఆ ఫైలు మొత్తం వెతికినా కాదన్న మనిషి ఒక్కడు కనబడడు. కాదని రాస్తే కింద సంతకం ఉంటుంది, కారణం ఉంటుంది, ఆ కారణం సరైనదో కాదో గండి పడ్డాక ఎవరైనా అడగొచ్చు. పరిశీలనలో ఉన్నదాన్ని ఎవరినని అడుగుతారు?

జూన్ 30, అక్టోబరు 15

నేను చెప్పిన నిపుణుల సంఘం పేరు క్లైమేట్ చేంజ్ కమిటీ. బ్రిటన్ చట్టం ప్రకారం అది ఏటా జూన్ 30లోగా పార్లమెంటుకు నివేదిక పెట్టాలి. ప్రభుత్వం అక్టోబరు 15లోగా దానికి జవాబు పార్లమెంటు ముందుంచాలి. అయిదేళ్ళకొక కర్బన బడ్జెట్, అంటే ఆ అయిదేళ్ళలో దేశం మొత్తం వదలదగ్గ ఉద్గారాల పరిమితి, అదీ పన్నెండేళ్ళ ముందే ఖాయం చేయాలి. దాని మీద కమిటీ ఒక అంకె చెబుతుంది. ప్రభుత్వం వేరే అంకె పెట్టుకోవచ్చు, కానీ ఎందుకు మార్చిందో కారణం రాసి ప్రచురించాలి. కమిటీకి ఆపే అధికారం లేదు, జరిమానా వేసే అధికారం లేదు, ఎవరినీ ఉద్యోగంలోంచి తీసే అధికారం అసలే లేదు. సలహా చెప్పడం, జవాబు రాబట్టడం, అంతే.

అంత చిన్న అధికారంతో ఏమవుతుందని మొదట నేనూ అనుకున్నాను. 2022 జులైలో లండన్ హైకోర్టు ఇచ్చిన తీర్పు చదివాక నా అభిప్రాయం మారింది. ప్రభుత్వం తన నెట్ జీరో ప్రణాళికను, అంటే నికర ఉద్గారాలను సున్నాకు తెచ్చే ప్రణాళికను, పార్లమెంటు ముందు పెట్టింది. అందులోని పథకాల ఫలితాన్ని అధికారులు లోపల అంకెల్లో వేసి చూసుకుంటే, ఆరో కర్బన బడ్జెట్‌కు కావలసిన తగ్గింపులో 95 శాతమే తేలింది. మిగతా 5 శాతం ఎక్కడినుంచి వస్తుందో లెక్క లేదు. ఆ లోటు సంగతి పార్లమెంటుకు చెప్పలేదు. ఇది చట్టవిరుద్ధమంది కోర్టు. సవరించి తెచ్చిన ప్రణాళికను కూడా 2024 మే నెలలో మళ్ళీ కొట్టేసింది. ఆ కేసులు వేసింది కమిటీ కాదు, పర్యావరణ సంస్థలు. కానీ చట్టంలో అంకెలు, గడువులు, జవాబు చెప్పే బాధ్యత లేకపోతే కోర్టు దేన్ని పట్టుకుని అడిగేది? 5 శాతం లోటు కోసం ఒక దేశ ప్రభుత్వం కోర్టులో నిలబడి సమాధానం చెప్పిందని చదివినప్పుడు, ఎస్టిమేట్లు వేసి బతికిన నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

స్కాట్లాండ్ సంగతి ఇంకా పెద్దది. 2030కల్లా ఉద్గారాలను 1990తో పోలిస్తే 75 శాతం తగ్గిస్తామని వాళ్ళు చట్టం చేసుకున్నారు. 2024 మార్చిలో కమిటీ, ఈ లక్ష్యం ఇక నమ్మదగ్గది కాదని తేల్చింది. ఏప్రిల్లో ప్రభుత్వం ఆ లక్ష్యాన్ని వదులుకుంది. దానితో గ్రీన్ పార్టీతో పొత్తులో చిచ్చు రేగి, పొత్తు తెగి, నెల తిరగకుండానే అక్కడి ప్రభుత్వాధినేత, ఫస్ట్ మినిస్టర్ హమ్జా యూసఫ్ రాజీనామా ప్రకటించారు. పొత్తు తెగడానికి వేరే కారణాలూ ఉన్నాయి, అన్నీ దీని మీద వేయను.

ఇది చెబితే నా స్నేహితుడొకాయన, జిల్లా పరిషత్తులో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి, గట్టిగా తగులుకున్నాడు. "ఓటు అడగనివాళ్ళు రాసిన కాగితంతో ఓటేయించుకున్నవాడు దిగిపోవాలా? ఇదేం ప్రజాస్వామ్యం?" అన్నాడు. ఆ మాటను తేలిగ్గా తీసేయలేను. నిపుణులకు పొలం పోయే రైతు కనబడడు, గని మూతపడితే ఇంట్లో కూర్చునే కార్మికుడు కనబడడు. వాళ్ళ బతుకుల సంగతి తెలిసినవాడే నిర్ణయం తీసుకోవాలి. కానీ స్కాట్లాండ్‌లో 75 శాతం అంకెను చట్టంగా చేసింది ఎన్నికైనవాళ్ళే. మీరిచ్చిన మాటకూ మీరు చేస్తున్న పనికీ ఇంత దూరం ఉందని చెప్పింది మాత్రమే కమిటీ. ఓటు వేసినవాడికి ఆ దూరం తెలియకపోతే, అతని ఓటుకు విలువ పెరుగుతుందా తగ్గుతుందా? మా స్నేహితుడు దీనికి ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు.

గాడ్గిల్ నివేదిక

మన దగ్గర నిపుణులకు కరువు లేదు, కమిటీలకు అంతకంటే లేదు. 2007లో వాతావరణ మార్పు మీద ప్రధానమంత్రి మండలి ఏర్పడింది. మరుసటేడు జూన్ 30న ఎనిమిది మిషన్లతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. మంచి పనే. కానీ మండలికి ప్రధానే అధ్యక్షుడు, మంత్రులే సభ్యులు, వాళ్ళ పక్కన కొందరు నిపుణులు. పరీక్ష రాసినవాళ్ళే పేపర్లు దిద్దుకునే ఏర్పాటు అది.

బయటివాళ్ళకు అప్పగించినప్పుడు ఏమైందో చూడాలంటే పశ్చిమ కనుమల దగ్గరికి వెళ్ళాలి. 2010లో కేంద్ర పర్యావరణ శాఖ పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన నిపుణుల సంఘం వేసింది. 2011 ఆగస్టు 31న నివేదిక అందింది. ఆ తర్వాత నెలల తరబడి అది బయటికి రాలేదు. సమాచార హక్కు కింద అడిగితే కుదరదన్నారు. ఇవ్వాల్సిందేనని కేంద్ర సమాచార కమిషన్ చెబితే ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. అక్కడా చుక్కెదురయ్యాక 2012 మే నెలలో విడుదల చేశారు. అదే ఏడాది ఆగస్టులో దాన్ని పరిశీలించడానికి అంతరిక్ష శాస్త్రవేత్త కస్తూరిరంగన్ అధ్యక్షతన ఇంకో బృందం వేశారు. గాడ్గిల్ మొత్తం కనుమలను సున్నిత ప్రాంతంగా తీసుకుని మూడు జోన్లుగా విభజిస్తే, ఈ బృందం దాదాపు 37 శాతానికి కుదించింది. దాని మీద మొదటి ముసాయిదా నోటిఫికేషన్ 2014 మార్చిలో వచ్చింది. గడువు దాటింది. మళ్ళీ ముసాయిదా. మళ్ళీ గడువు. ఆరో ముసాయిదా 2024 జులై 31న వచ్చింది.

దానికి ముందురోజు తెల్లవారుజామున కేరళలోని వయనాడ్‌లో కొండ జారింది. ముండక్కై, చూరల్‌మల ఊళ్ళు కొట్టుకుపోయాయి. 250 మందికి పైగా చనిపోయారు. ఆ ఊళ్ళున్న వైతిరి తాలూకాను గాడ్గిల్ సంఘం మొదటి జోన్లో, అంటే అత్యంత సున్నితమైనదిగా పెట్టింది.

గాడ్గిల్ చెప్పింది చేసి ఉంటే వాళ్ళంతా బతికేవారని నేను అనను. రెండు రోజుల్లో అంత వాన పడితే అడవి ఉన్న కొండా జారుతుంది. ఇంజనీరుగా నాకా సంగతి తెలుసు. నేనడిగేది ఒకటే. 2011 నుంచి 2024 దాకా ఏ సంవత్సరమైనా, ఏ ప్రభుత్వమైనా, "ఈ సిఫార్సు అమలు చేస్తున్నాం, ఇది చేయడం లేదు, కారణం ఇది" అని వరసగా రాసిచ్చి సంతకం పెట్టిందా? అలా రాసి ఉంటే వైతిరి తాలూకా ఎదురుగా ఏదో ఒక కారణం ఉండేది. ఇడుక్కి రైతులకు దాన్ని ప్రశ్నించే వీలుండేది, వయనాడ్ తేయాకు తోటల కూలీలకూ ఉండేది.

ఇక్కడే నా వాదనకు ఎదురొచ్చే సంగతి కూడా ఉంది. దాటేయడం న్యాయం కాదు. 2013 నవంబరులో కస్తూరిరంగన్ నివేదిక మీద కేరళ కొండప్రాంతాలు భగ్గుమన్నాయి. హర్తాళ్ళు జరిగాయి, కొన్నిచోట్ల వాహనాలు తగలబెట్టారు. వాళ్ళందరినీ గనుల యజమానులు రెచ్చగొట్టారని అనడం నాకు ఇష్టం ఉండదు. పట్టా భూమి పోతుందని, ఇల్లు కట్టుకోనివ్వరని, ఆవుల్ని పెంచుకోనివ్వరని ఊరంతా పుకారు. నివేదికేమో వందల పేజీల ఇంగ్లీషులో ఉంది. ఏది అమలు చేయాలో గ్రామసభలే చర్చించి తేల్చాలని గాడ్గిల్ నివేదికలో ఉంది. ఆ మాట గ్రామసభలకు వాళ్ళ భాషలో చేరేలోపే పుకారు చేరింది. ప్రభుత్వం జవాబు చెప్పకపోవడం ఒక తప్పు. నివేదిక ఎవరి గురించి రాశారో వాళ్ళకు అందకపోవడం ఇంకో తప్పు. రెండోదానికి బ్రిటన్ చట్టంలో మందు లేదు, మనమే వెతుక్కోవాలి.

జీవోతో వచ్చింది జీవోతోనే పోతుంది

మా మేనకోడలు మరో మాట కూడా అంది. "చట్టం చేసినా రేపు ఇంకో పార్టీ వచ్చి తీసేస్తుంది. ఇక తేడా ఏముంది?" తేడా ఉంది. ఆస్ట్రేలియాలో అది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ రెండు సంఘాలుండేవి. 2011లో ప్రభుత్వ నిర్ణయంతో పుట్టిన క్లైమేట్ కమిషన్ ఒకటి. 2012లో చట్టం ద్వారా వచ్చిన క్లైమేట్ చేంజ్ అథారిటీ రెండోది. 2013 సెప్టెంబరులో టోనీ ఆబట్ ప్రధాని అయ్యారు. కమిషన్‌ను కొద్దిరోజుల్లోనే రద్దు చేశారు. దాని అధ్యక్షుడు టిమ్ ఫ్లానరీ, మిగతా సభ్యులు ప్రజల దగ్గర చందాలు పోగుచేసుకుని క్లైమేట్ కౌన్సిల్ పేరుతో మళ్ళీ పని మొదలుపెట్టారు. అథారిటీని కూడా తీసేయాలని చూశారు గానీ, చట్టంతో పుట్టింది కాబట్టి సెనేట్ ఒప్పుకోవాలి. సెనేట్ ఒప్పుకోలేదు. నిధులు కోశారు, మనుషుల్ని తగ్గించారు, కొన్నేళ్ళు అది కొనఊపిరితో ఉంది. అయినా బతికింది. 2022లో వచ్చిన కొత్త చట్టం దానికి మళ్ళీ పని అప్పగించింది.

ఇది మనకూ తెలిసిన కథే. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారు వచ్చి చెప్పిన సలహా వల్లనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అడిగిన నిజాం వినదలచుకున్నాడు కాబట్టి ఆ సలహా రాయిగా, గారగా మారింది. ఆ రెండు జలాశయాలను కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. 2022 ఏప్రిల్లో ఇంకో జీవోతో దాని ఆంక్షలు ఎత్తేశారు. ఎత్తేయడం సరా కాదా అని ఇక్కడ వాదించను. 84 గ్రామాల రైతులకు పాతికేళ్ళుగా జరిగిన నష్టం కూడా నిజమే. కానీ అంత పెద్ద మార్పుకు శాసనసభ ఒక చట్టాన్ని మార్చాల్సిన అవసరం రాలేదు. ఒక కాగితం మరో కాగితాన్ని కొట్టేసింది.

బ్రిటన్‌లో ఇప్పుడు రద్దు చేస్తామంటున్నవాళ్ళు కూడా ముందు ఎన్నికల్లో గెలవాలి, తర్వాత పార్లమెంటులో బిల్లు పెట్టాలి, ఎందుకో లేచి నిలబడి చెప్పాలి. నేను కోరుకునేది అదే. తీసేసేటప్పుడైనా నోరు విప్పి చెప్పాలి.

జవాబు వస్తే పని జరుగుతుందా?

ఇది నన్ను ఎక్కువ కలవరపెట్టే సందేహం. ఉద్గారాల్లో బ్రిటన్ 1990 నుంచి దాదాపు సగం తగ్గించింది. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం, రాట్‌క్లిఫ్, మూసేశారు. అందులో కమిటీ వాటా ఎంత, గ్యాస్ చవక కావడం వాటా ఎంత, సముద్రంలో గాలిమరల వాటా ఎంత అని విడదీయడం కష్టం. అదే కమిటీ అదే చట్టం కింద ఎండలు, వరదలను తట్టుకోవడం గురించి కూడా చెబుతూనే ఉంది. 2022 జులై 19న అక్కడ 40.3 డిగ్రీల ఎండ కాసింది. ఆ మరుసటేడు కమిటీ తన నివేదికలో, గడచిన పదేళ్ళు వృథా పోయాయని రాసింది. సలహాలు వెళ్ళాయి, జవాబులు వచ్చాయి, గోడలు లేవలేదు. మా మేనకోడలు ఒకసారి ప్రభుత్వ జవాబు ఒకటి చూసి, "ఎక్కడ చూసినా 'పాక్షికంగా అంగీకరిస్తున్నాం' అనే ఉంది మామయ్యా" అంది. జవాబు రాయడం కూడా ఒక విద్యగా మారిపోతుంది. అనుభవం ఉన్న గుమాస్తా ఏమీ చెప్పకుండా రెండు పేజీలు నింపగలడు.

ఒప్పుకుంటాను. జవాబు కట్ట వేయదు, పూడిక తీయదు. అయినా "పాక్షికంగా" అంటే ఏ భాగం అని మర్నాడు అడగొచ్చు. "పరిశీలనలో ఉంది" అంటే ఏమీ అడగలేం. పదేళ్ళు వృథా పోయాయని లెక్కపెట్టి చెప్పగలిగింది కూడా నివేదికకు ఒక తారీఖు ఉండబట్టే.

మన రెండు రాష్ట్రాలకు ఇది దూరపు గొడవ కాదు. 2015 వేసవిలో వడదెబ్బకు రెండు చోట్లా కలిపి పోయినవాళ్ళు వెయ్యికి పైనే. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కొరుక్కు తింటూనే ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది, అదే రోజు ఖమ్మంలో మున్నేరు పొంగింది. బుడమేరు గురించి గత ఇరవై ఏళ్ళలో చెప్పనివాళ్ళు లేరు, చెప్పింది ఏమైందో చెప్పినవాళ్ళే లేరు. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు, బట్టమేక పిట్ట కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లోనే ఉందని చెప్పింది. దీనికంటూ దేశంలో ఒక సమగ్ర చట్టం లేదని కూడా గుర్తుచేసింది. శాసనసభలు పూనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? నేను అడిగేది పెద్ద సంస్థ కాదు. చట్టంతో పుట్టిన అయిదారుగురి సంఘం. తమ ఆస్తులు, సంబంధాలు ముందే చెప్పుకునే సభ్యులు. ఏటా వానాకాలానికి ముందు నివేదిక. దసరా లోపు సభలో ప్రభుత్వం జవాబు. రెండూ తెలుగులో, గ్రామ పంచాయతీ గోడ మీద.

తెలుగులో అని ఎందుకు అంత పట్టుబడుతున్నానో చెప్పాలి.

మా ముప్ఫై రెండు పేజీల నివేదిక కార్బన్ కాపీ నా దగ్గర ఇంకా ఉంది. రిటైరయ్యాక ఒకసారి అది పట్టుకుని ఆ చెరువుల మీద మళ్ళీ తిరిగాను. అయిదో చెరువు దగ్గర పాత నీరటి కనిపించాడు. తండ్రి నుంచి వచ్చిన పని, తూము తియ్యడం, మూయడం, పొలాలకు నీళ్ళు పంచడం. అప్పటికే ముసలివాడు, పని కొడుకు చూస్తున్నాడు. గుర్తుపట్టి టీ తెప్పించాడు. నివేదికలో ఏం రాశామో ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. రెండో సిఫార్సుకు తలూపాడు. నాలుగోదానికి ఆపమన్నాడు. నిల్వ పెంచడానికి అయిదో చెరువు అలుగు రెండడుగులు ఎత్తు చేయాలని మేము రాసింది అది.

"అలుగు ఎత్తు జేస్తే నీళ్ళు ఎనుకకు తన్నుతయి సారూ. ఆ పక్కన తండా ఉంది గదా, ముప్పై ఇండ్లు. మొత్తం మునుగుతది" అన్నాడు.

లెవెల్స్ తీసింది నేనే. వెనక వైపు గట్టు దగ్గర ఆపేశాను, దాని అవతల తండా మా షీటులోకి రాలేదు. ఆ నివేదిక అమలై ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ కాగితం పైనున్నవాళ్ళు కాదనలేదు, కింద ఉన్నవాళ్ళు చూడలేదు. మా తప్పు కూడా మా ఒప్పుతో పాటే పాతికేళ్ళు పరిశీలనలో ఉండిపోయింది.

"మరి అప్పుడు తొమ్మిది రోజులు తిరిగాం కదా, చెప్పలేదేం?" అని అడిగాను.

"మీరు రాసుకుంట పోయిండ్రు సారూ. ఏం రాసిండ్రో మాకు చదివి చెప్పలేదు గదా" అన్నాడు.